ఎన్నికల సంఘం గురించి మనమే చదువుకుందాం – మూడో పాఠం: దింపేది ఎవరు?

పోయినసారి రాజ్యాంగంలోని 324వ అధికరణ మొదటి క్లాజు చదివాం. లోక్‌సభ, అసెంబ్లీ, రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు ఎవరి చేతిలో ఉంటాయో చూశాం. ఇవాళ ఐదో క్లాజు. కమిషనర్‌ను నియమించేది ఎవరని అందరూ గొడవపడతారు గానీ, ఆ కుర్చీలోంచి దింపేది ఎవరని అడిగేవాళ్లు తక్కువ, నా మటుకు అదే పెద్ద ప్రశ్న.

పెన్సిల్ పట్టుకుని ఆ క్లాజు చివరికి రండి. 'అయితే' అని మొదలయ్యే వాక్యాలు రెండుంటాయి, రెండింటి కింద గీత గీయండి. మొదటిది ప్రధాన కమిషనర్ గురించి: సుప్రీంకోర్టు జడ్జిని తీసేసే పద్ధతిలో తప్ప ఆయన్ని తీసేయడానికి లేదు. ఆ పద్ధతి 124(4)లో ఉంది, ఇక్కడే పేజీ తిప్పి చూడండి. రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. అంటే 543 మంది ఉన్న లోక్‌సభలో కనీసం 272 ఓట్లు కావాలి. ఇక రెండో వాక్యం మిగతా కమిషనర్లది, ప్రధాన కమిషనర్ సిఫార్సు ఉంటే చాలు, వాళ్లను తీసేయొచ్చు. సంఘంలోని ముగ్గురు కమిషనర్ల ఓటుకూ ఒకటే విలువ ఉన్నప్పుడు రక్షణ మాత్రం ఒక్కరికే గట్టిగా ఉండటం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు మన పరకాల, నర్సంపేట వైపు ఊళ్లకు రండి. సర్పంచ్ ఎన్నికలు ఢిల్లీ సంఘం పెట్టదు, 243కె కింద రాష్ట్ర ఎన్నికల సంఘం పెడుతుంది. కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు, కానీ తీసేయాలంటే హైకోర్టు జడ్జిని తీసేసే పద్ధతే, అంటే మళ్లీ పార్లమెంటుకే పోవాలి. రాష్ట్ర ప్రభుత్వానికి కోపం వచ్చినా ఆయన్ని ఇంటికి పంపలేదు. పైగా నియమించాక ఆయనకు నష్టం కలిగేలా సర్వీసు షరతులు మార్చకూడదని కూడా అక్కడే రాసి ఉంది.

ఆ మాట ఎంత పనికొస్తుందో 2020లో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించారు, దాంతో అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది.

ఇంటిపని: 243జెడ్‌ఏ చదివి, గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికల్లో ఓటరు జాబితా మీద పెత్తనం ఎవరిదో నాలుగు లైన్లలో రాయండి. వచ్చే పాఠంలో నియామకం, 2023 చట్టం.