పచ్చళ్ల వ్యాపారానికి ట్రేడ్‌మార్క్: దరఖాస్తు విధానం

ఇంట్లో పచ్చళ్లు, పొడులు తయారుచేసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకునే చిన్న వ్యాపారులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. పేరు నలుగురి నోళ్లలో పడ్డాక, అదే పేరుతో, అదే రంగు లేబుల్‌తో మరొకరు సరుకు దింపినప్పుడు గాని వీరిలో చాలామందికి ట్రేడ్‌మార్క్ (సరుకు ఫలానా వారిదని తెలిపే పేరు లేదా గుర్తు) నమోదు సంగతి గుర్తుకు రాదు. 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం, 2017 నాటి నిబంధనల ప్రకారం దరఖాస్తు చేయడం కష్టమైన పనేమీ కాదు. ఫారం నింపక ముందు తీసుకునే నిర్ణయాలే కీలకం, ఎందుకంటే దరఖాస్తు దాఖలయ్యాక మార్కును గణనీయంగా మార్చడానికి గాని, అందులో లేని సరుకులను చేర్చడానికి గాని నిబంధనలు ఒప్పుకోవు.

మొదటిది పేరు. అది సరుకు గుణాన్నో, పుట్టిన ప్రాంతాన్నో మాత్రమే చెప్పేదైతే, ఉదాహరణకు ‘గోదావరి ఆవకాయ’ వంటిదైతే, 9వ సెక్షన్ కింద అభ్యంతరం రావడం దాదాపు ఖాయం. ఏళ్ల తరబడి వాడకంతో ఆ పేరు ఫలానా వారిదేనని జనంలో స్థిరపడినట్టు రుజువు చేయగలిగితే మినహాయింపు ఉంది గాని, కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ దారి పనికిరాదు. గుంటూరు సన్నం మిర్చి, బందరు లడ్డు వంటి భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకుకే చెందే పేరుగా చట్టరక్షణ) పొందిన పేర్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. పేరు అనుకున్నాక, ట్రేడ్‌మార్క్‌లు నమోదు చేసే ప్రభుత్వ విభాగపు ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లోని ఉచిత పబ్లిక్ సెర్చ్‌లో వెతకాలి. అక్షరాలు అచ్చంగా అవే ఉన్న పేర్లను చూసి ఊరుకోకూడదు; ‘సిరి రుచులు’ పెట్టదలచినవారికి ‘శ్రీ రుచులు’ అడ్డం రావచ్చు, కనుక ఉచ్చారణను బట్టి వెతికే ఫొనెటిక్ పద్ధతిలోనూ చూడాలి. నమోదు చేయించుకోకపోయినా ముందు నుంచి పేరు వాడుతున్నవారికి 34వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అందుకే ఆన్‌లైన్ అంగళ్లలోనూ వెతకడం అవసరం.

రెండోది తరగతి. సరుకులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. ఊరగాయలు 29వ తరగతిలో ఉంటే మసాలాలు 30వ దానిలో ఉంటాయి. మెస్సు నడిపితే 43వ తరగతి కావాలి. రుసుము తరగతికి ఇంత అని కట్టాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, ధ్రువపత్రం ఉన్న స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు రూ.4,500, మిగిలినవారికి రూ.9,000. ఎందుకైనా మంచిదని అన్ని తరగతులూ తీసుకోమని చెప్పేవారుంటారు. కాని అమ్మని సరుకుకు తీసుకున్న నమోదు ఐదేళ్లకు పైగా వాడకుండా పడి ఉంటే, ఆ కారణంతో రద్దు చేయమని ఇతరులు కోరవచ్చు.

దరఖాస్తును టీఎం-ఏ ఫారంలో దాఖలు చేయాలి. తెలుగు రాష్ట్రాలవారికి చెన్నైలోని ట్రేడ్‌మార్క్‌ల రిజిస్ట్రీ (నమోదు కార్యాలయం) వర్తిస్తుంది. సొంత వ్యాపారమైతే దరఖాస్తుదారుగా దుకాణం పేరు కాకుండా యజమాని పేరు రాయాలి. వదిన వంట, మరిది పెట్టుబడి అయిన చోట ఎవరి పేరు పెట్టాలో ముందే కాగితం మీద తేల్చుకోవడం ఉభయులకూ క్షేమం. మార్కులో తెలుగు అక్షరాలుంటే వాటి ఉచ్చారణను, అర్థాన్ని ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఇవ్వాలి. ఇప్పటికే వాడుతున్న పేరైతే ఏ తేదీ నుంచి వాడుతున్నారో చెప్పి, పాత బిల్లులు, లేబుళ్లు, ప్రకటనలు జతచేసి అఫిడవిట్ ఇవ్వాలి. తొలి బిల్లు మీద ఉన్న తేదీని దాటి వెనక్కి వెళ్లి గొప్పగా రాసుకుంటే, ఆ తేదీయే రేపు ప్రత్యర్థి చేతిలో ఆయుధమవుతుంది.

చాలా దరఖాస్తులు చేజారేది తరువాతి దశలోనే. రిజిస్ట్రీ దరఖాస్తును పరిశీలించి ఇచ్చే పరీక్షా నివేదికలో అభ్యంతరాలుంటే, అది అందాక ఒక నెలలోగా జవాబు ఇవ్వాలి. నివేదిక ఈమెయిల్‌కు వస్తుంది. ఫారంలో కన్సల్టెంట్ మెయిల్ మాత్రమే ఉండి, ఆయన పట్టించుకోకపోతే, యజమానికి కబురే తెలియదు. కనుక దరఖాస్తు సంఖ్యతో స్టేటస్‌ను స్వయంగా చూసుకుంటూ ఉండాలి. దరఖాస్తుదారుల వివరాలు అందరికీ కనిపించేవే కాబట్టి, రిజిస్ట్రీ పేరు చెప్పి డబ్బు కట్టమంటూ వచ్చే సందేశాలను నమ్మకుండా, ఆ స్టేటస్‌తో పోల్చి చూడాలి.

జవాబు సరిపోకపోతే విచారణ వీడియో కాన్ఫరెన్స్‌లో జరుగుతుంది. అంగీకరించిన మార్కును రిజిస్ట్రీ వెలువరించే ట్రేడ్‌మార్క్‌ల జర్నల్‌లో ప్రచురిస్తారు. ఆ తరువాత నాలుగు నెలల వరకు ఎవరైనా వ్యతిరేకించవచ్చు. వ్యతిరేకత నోటీసు అందితే రెండు నెలల్లో ప్రతివాదన దాఖలు చేయాలి, లేదంటే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క.

వ్యతిరేకత లేకపోతే ధ్రువపత్రం వస్తుంది. అది దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. నమోదు కాకముందు టీఎం అని రాసుకోవచ్చు గాని, సున్నాలో ఆర్ గుర్తు వేయడం చట్ట విరుద్ధం. మీ పేరును ఇంటర్నెట్‌లో వెతికినవారికి తన ప్రకటన కనిపించేలా, ఆ పేరును కీవర్డ్‌గా కొని పోటీదారు ప్రకటన ఇస్తే, అది కూడా మార్కు వాడకమేనని, జనం పొరబడే అవకాశం ఉంటే ఉల్లంఘన కావచ్చని 2023లో గూగుల్ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఈ నమోదు భారతదేశానికే పరిమితం. అమెరికాలోని తెలుగువారికి సరుకు పంపేవారు అక్కడ విడిగా గాని, ఒకే దరఖాస్తుతో పలు దేశాల్లో నమోదు కోరే, 2013లో మన దేశం చేరిన మాడ్రిడ్ విధానంలో గాని దరఖాస్తు చేసుకోవాలి.