సబ్జెక్టులు కలిపి చదవడం ఎలా?

ఒకే చాప్టర్‌లో 20 లెక్కలు వరుసగా చేస్తే మూడో లెక్క నుంచి బుర్రకు పని తగ్గిపోతుంది. ఏ సూత్రం వాడాలో పైనున్న హెడ్డింగే చెప్పేస్తుంది మరి. పరీక్షలో ఆ హెడ్డింగ్ ఉండదు. చాప్టర్లు కలిపి చేస్తే, పద్ధతిని పోల్చుకోవడం కూడా అలవాటవుతుంది.

1. కొత్త చాప్టర్‌లో ముందు నాలుగైదు లెక్కలు విడిగానే చేయండి. అసలు రానివాటిని కలిపితే గందరగోళమే.

2. రెండు మూడు అంశాలు తీసుకోండి, అవి ఒకదాన్నొకటి పోలినవైతే మంచిది. చరిత్ర కాసేపు, గణితం కాసేపు చదివితే విసుగు తగ్గుతుంది, అదీ మేలే. కానీ అసలు లాభం తికమకపెట్టేవాటిని పక్కపక్కన పెట్టినప్పుడే.

3. స్థూపం, శంకువు, గోళం ఘనపరిమాణాల మీద నాలుగేసి లెక్కలు, మొత్తం 12, చీటీల మీద రాసి కలిపేయండి. చాప్టర్ పేరు, సూత్రం రాయొద్దు. చీటీ తీయగానే లెక్కలోకి దిగకుండా ఏ సూత్రమో, ఎందుకో ఒక్క ముక్క రాయండి. 'వ్యాసార్థం 3, ఎత్తు 7, పైన మొనదేలింది. శంకువు, మూడో వంతు వేయాలి.' ఇంత చాలు. మూడో వంతు మర్చిపోయే అలవాటుంటే ఇక్కడే దొరికిపోతారు.

4. రెండు గంటలుంటే ఒక్కో సబ్జెక్టుకు 30 నుంచి 40 నిమిషాలివ్వండి. ఐదు నిమిషాలకోసారి పుస్తకం మారిస్తే ఏదీ తలకెక్కదు. చేతిలో ఉన్న లెక్క తేలాకే మారండి, మర్నాడు వరుస మార్చండి.

5. ప్రతి తప్పు పక్కన 'పద్ధతి' అనో 'లెక్కింపు' అనో రాసుకోండి. పద్ధతి తప్పులు ఎక్కువుంటే, తికమకపడిన ఆ రెండు చాప్టర్లనే మళ్లీ కలపండి. లెక్కింపు తప్పులకు కలపడం మందు కాదు, విడిగా సాధన చేయాల్సిందే.

మొదట్లో తప్పులు పెరుగుతాయి, చదివింది ఒంటబట్టడం లేదనిపిస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ఘనపరిమాణాల లెక్కలు విడివిడిగా చేసిన విద్యార్థులకు సాధన సమయంలో 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలిపి చేసినవారికి 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే విడివిడిగా చేసినవారు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవారు 63 శాతం దగ్గర నిలిచారు. కాబట్టి చదివిన రోజు మార్కులు చూసుకుని బెంగపడొద్దు. వారం ఆగి, పుస్తకం మూసి, అవే రకాల కొత్త లెక్కలు చేసి చూసుకోండి.