గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయించినప్పుడు ఫార్మాట్‌కు ముందు చూడవలసినవి

మిర్యాలగూడలో ఉండే మా పిన్ని కొడుకు మొన్నటి మే నెలలో ఫోన్ చేశాడు. "అన్నా, పెండ్లి వీడియో ఎడిటింగ్ చేస్తుంటే తెర నల్లగ అయ్యి మళ్ల వస్తుంది. దుకాణంల చూపిస్తే ఫార్మాట్ కొట్టాలె, అయినా పోకుంటే కార్డు మార్చాలె అన్నరు" అన్నాడు. ఫార్మాట్ మాత్రం చేయనివ్వవద్దని అప్పటికప్పుడే చెప్పాను. తెర ఏ రోజు, ఏ గంటకు, ఎన్నిసార్లు నల్లబడిందో విండోస్ తన చిట్టాలో రాసిపెట్టుకుంటుంది. ఫార్మాట్ చేస్తే అన్నిటికన్నా ముందు పోయేది ఆ చిట్టాయే.

దానిని చూడడానికి స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవాలి. అందులో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ అనే భాగానికి వెళ్లి, కుడివైపున ఉన్న ఫిల్టర్ కరెంట్ లాగ్‌లో ఈవెంట్ ఐడీ దగ్గర 4101 అని టైపు చేస్తే, డిస్‌ప్లే డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును విండోస్ నడిపించడానికి కావలసిన ప్రోగ్రాము, దీనినే గ్రాఫిక్స్ డ్రైవర్ అనీ అంటారు) స్పందించడం మానేసి తిరిగి కోలుకున్న సందర్భాలు ఒక వరుసలో కనిపిస్తాయి. వాటి తేదీలను, సమయాలను కాగితం మీద రాసుకోవాలి. ఈ పనికి పది నిమిషాలు చాలు, కానీ దీనిని వదిలేసి నేరుగా డ్రైవర్‌ను తీసి వేయడం మొదలుపెట్టేవారే ఎక్కువ.

ఆ 4101 వెనుక జరిగేది ఇది. విండోస్ గ్రాఫిక్స్ కార్డుకు ఒక పని అప్పగించి, మామూలుగా 2 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆలోగా కార్డు నుంచి జవాబు రాకపోతే కంప్యూటర్ మొత్తాన్ని స్తంభింపనీయకుండా డ్రైవర్‌ను మాత్రమే ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. మనకు కనిపించే నలుపు ఆ మధ్యలోని క్షణమే. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఉన్న ఈ ఏర్పాటును టీడీఆర్ (టైమ్‌అవుట్ డిటెక్షన్ అండ్ రికవరీ) అంటారు. తెర తిరిగి వస్తోందంటే కార్డు పూర్తిగా చనిపోలేదన్నమాట. మళ్లీ మొదలుపెట్టే ప్రయత్నం కూడా విఫలమైతే నీలి తెర మీద వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అనే మాట వస్తుంది. విండోస్ తన లోపలి సెట్టింగ్‌లను దాచుకునే రిజిస్ట్రీలో ఆ 2 సెకన్లను 8కో 10కో పెంచమనే సలహా ఇంటర్నెట్‌లో విరివిగా దొరుకుతుంది. నేను దానిని చివరి వరకూ ముట్టుకోను. జవాబు ఆలస్యం కావడానికి కారణం అలాగే ఉండిపోయి, తెర నల్లబడే బదులు అంతసేపూ బిగుసుకుపోతుంది.

తెర నల్లగానే నిలిచిపోయినప్పుడు పవర్ బటన్ నొక్కే ముందు, విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలను కలిపి పట్టుకొని బి అక్షరాన్ని ఒకసారి నొక్కి చూడండి. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెట్టే మీట. పనిచేస్తే తెరిచి ఉంచిన పని పోకుండా తెర వస్తుంది.

తరువాత డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ విప్పి చూడాలి. అక్కడ కార్డు పేరుకు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవర్ లేదని, విండోస్ తన సాదా డ్రైవర్‌తో నెట్టుకొస్తోందని అర్థం. పేరు పక్కన పసుపు త్రికోణం ఉంటే ప్రాపర్టీస్‌లోని సంఖ్యను చదవాలి. 28 అయితే డ్రైవర్ వేయలేదు, 22 అయితే ఎవరో డిసేబుల్ చేశారు. ఈ రెండూ చిన్న విషయాలు. 43 మాత్రం కార్డు తనలో లోపముందని తానే చెప్పడంతో విండోస్ దానిని ఆపివేసిందని చెబుతుంది. అది డ్రైవర్ వల్లా రావచ్చు, కార్డు వల్లా రావచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కార్డు ఏ కంపెనీదో తెలియకపోతే డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి: వీఈఎన్ అన్న అక్షరాల తరువాత 10డీఈ ఉంటే ఎన్విడియా, 1002 ఉంటే ఏఎండీ, 8086 ఉంటే ఇంటెల్.

మా తమ్ముడి కంప్యూటర్‌లో త్రికోణమేదీ లేదు. చిట్టాలో మొదటి 4101 ఒక మంగళవారం ఉదయం నమోదైంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ చరిత్ర తెరిచి డ్రైవర్ అప్‌డేట్స్ కింద చూడమంటే, సోమవారం రాత్రే కొత్త డిస్‌ప్లే డ్రైవర్ దానంతట అదే వచ్చి కూర్చున్నట్టు తేలింది. ఇలా తేదీలు కలిసినప్పుడు మొదటి మందు రోల్ బ్యాక్ డ్రైవర్, అంటే మునుపటి డ్రైవర్‌కు తిరిగి వెళ్లడం. ఇది డివైస్ మేనేజర్‌లో అదే ప్రాపర్టీస్ కిటికీలో, డ్రైవర్ ట్యాబ్‌లో ఉంటుంది. ఆ బటన్ వెలిసిపోయి నొక్కడానికి వీలు లేకుండా ఉంటే పాత డ్రైవర్ నిల్వ లేదని అర్థం. రోల్ బ్యాక్ చేసిన తరువాత అప్‌డేట్‌లను కొన్ని వారాలు పాజ్ చేయకపోతే, తీసేసిన డ్రైవరే మళ్లీ వచ్చే అవకాశం ఉంది.

రోల్ బ్యాక్ కుదరనప్పుడు డ్రైవర్‌ను పూర్తిగా తీసి కొత్తగా వేయాలి. ఇందులో క్రమం ముఖ్యం. తీయడానికి ముందే కావలసిన డ్రైవర్‌ను కార్డు కంపెనీ సొంత సైటు నుంచి దించి పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే దాని తయారీదారు సైటులో ఆ మోడల్ పేరు కింద ముందు చూడాలి. ఎన్విడియా ఫైళ్లు వందల ఎంబీలు ఉంటాయి కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆధారపడేవారు డేటా చూసుకోవాలి. అన్ని డ్రైవర్లనూ తామే వెతికి వేస్తామని చెప్పే ఉచిత అప్‌డేటర్ ప్రోగ్రాముల జోలికి పోవద్దు. మన ఇళ్లలో ఇంకా చాలా చోట్ల ఉన్న జీటీ 710 లాంటి ఎన్విడియా పాత కెప్లర్ తరం కార్డులకు 470 శ్రేణి డ్రైవరే చివరిది. అంతకన్నా కొత్తది దించితే సరిపడే హార్డ్‌వేర్ దొరకలేదని ఇన్‌స్టాలర్ ఆగిపోతుంది, దానికి కార్డును తప్పుపట్టనవసరం లేదు.

ఫైలు సిద్ధమయ్యాక ఇంటర్నెట్ తీసివేయాలి. లేకపోతే పాతది పోయిన మరుక్షణం విండోస్ తనకు నచ్చినదాన్ని వేసేస్తుంది. షిఫ్ట్ పట్టుకొని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే విండోస్ కనీస డ్రైవర్లతో మాత్రమే నడిచే స్థితి, వస్తుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్ ఈ దారిలో రికవరీ కీ అడగవచ్చు కాబట్టి దానిని ముందే రాసి ఉంచుకోండి. సేఫ్ మోడ్‌లో, ముందే దించి ఉంచుకున్న డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రాముతో పాత ఆనవాళ్లను తుడిచి, మామూలుగా రీస్టార్ట్ చేసి, దించిన డ్రైవర్‌ను వేసి, ఆ తరువాతే ఇంటర్నెట్ కలపాలి.

మా తమ్ముడికి అంతదూరం అవసరం పడలేదు. రోల్ బ్యాక్‌తో వారం రోజులు నెమ్మదిగా గడిచింది. ఎనిమిదో రోజున మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి చిట్టాలోని సమయాలు వేరే కథ చెప్పాయి: నాలుగు నమోదులు, నాలుగూ మధ్యాహ్నం ఒంటిగంట తరువాతవే, ఉదయం పూట ఒక్కటీ లేదు. డ్రైవర్‌కు ఉదయం, మధ్యాహ్నం అనే తేడా ఉండదు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ కింద జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) ఉష్ణోగ్రత చూడమంటే, వీడియో రెండర్ అవుతుండగా 88 డిగ్రీల దగ్గర నిలిచి ఉంది.

ఆదివారం వెళ్లి పక్క రేకు విప్పాను. వాళ్ల వీధి చివర రైస్ మిల్లులున్నాయి. కార్డు ఫ్యాన్ కింద అల్యూమినియం రెక్కల మధ్య తవుడు దుమ్ము గొంగడి ముక్కలా పేరుకొని, వేలితో లాగితే పొరగా ఊడి వచ్చింది. కరెంటు వైరును గోడ నుంచి తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకొని, కార్డును బయటకు తీసి మెత్తటి కుంచెతో దులిపాను. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకొనే గాలి కొట్టాలి, లేకపోతే అది విపరీతంగా తిరిగి పాడవుతుంది. బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది, స్లాట్‌లో క్లిక్‌మనే దాకా నొక్కి కూర్చోబెట్టాను. మధ్యాహ్నం అదే వీడియో 74 డిగ్రీల వద్ద పూర్తయింది.

దుమ్ము కూడా లేకుండా తెర నల్లబడుతుంటే కరెంటు వైపు చూడాలి. విడి పవర్ వైరు లేని కార్డు స్లాట్ నుంచే గరిష్ఠంగా 75 వాట్లు తీసుకుంటుంది. 6 పిన్నుల వైరు మరో 75, 8 పిన్నులది 150 వాట్లు ఇవ్వగలవు. ఆ వైరు పెట్టడం మరిచినా, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె నాసిరకమైనా, భారం పడగానే కార్డు ఆగుతుంది. బోరు మోటార్లు ఆన్ అయ్యే వేళకు ఊళ్లలో వోల్టేజీ పడిపోవడం తెలిసిందే. ఆ వేళలు, మీరు రాసుకున్న 4101 సమయాలు కలుస్తున్నాయేమో చూడండి.

ఇవేవీ కాకపోతే కార్డును మరొక కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. అక్కడా 43 వస్తే లోపం కార్డుదే. వారంటీ ఉంటే బిల్లు, పెట్టె తీసుకొని వెళ్లండి. వెనుక ఉన్న సీరియల్ నంబరు స్టిక్కరును మాత్రం శుభ్రం చేసే తొందరలో గీకి తీయకండి.