పెళ్లిళ్ల సీజన్‌కి ముందు ముఖం ముడతలకి ట్రీట్‌మెంట్ అనుకుంటున్నారా? ముందు ఈ జాగ్రత్తలు చూడండి

మాఘమాసం ముహూర్తాలు పెట్టుకోగానే మా గోదావరి జిల్లాల్లో చీరలు, బంగారం, వంటవాళ్లు అనే హడావుడితో పాటు ఈమధ్య ఇంకో పని కూడా మొదలవుతోంది. పెళ్లికూతురి కంటే ముందు పెళ్లికూతురి తల్లి స్కిన్ క్లినిక్‌కి వెళ్తోంది. నుదుటి మీద గీతలు, దవడ కింద జారిన చర్మం, కళ్ల కింద సంచులు ఫొటోల్లో పడతాయని టెన్షన్. భీమవరం వైపు చెరువుల గట్ల మీద ఎండలో ఇరవై ఏళ్లు తిరిగిన నాన్నలు కూడా వెళ్తున్నారు, బయటికి చెప్పరంతే. వెళ్లడంలో తప్పేమీ లేదు, ఎవరి ముఖం వాళ్లిష్టం. నా బాధల్లా, కల్యాణ మండపాన్ని ఆరు నెలల ముందు మాట్లాడుకునే మనం ముఖానికి సూది మాత్రం పెళ్లి పది రోజులుందనగా వాట్సాప్‌లో వచ్చిన ఆఫర్ చూసి వేయించుకుంటున్నాం.

డబ్బు కట్టేముందు మీ ముఖానికి ఉన్న సమస్య ఏమిటో తెలుసుకోండి, ఎందుకంటే అన్ని ముడతలూ ఒకటి కావు. పగటి వెలుతురులో అద్దం ముందు కూర్చుని కనుబొమలు పైకెత్తండి, నవ్వండి, తర్వాత ముఖం మామూలుగా పెట్టండి. కదిలించినప్పుడే కనిపించే గీతలు కండరాలు లాగడం వల్ల వచ్చేవి. ముఖం ఊరికే ఉన్నా ముక్కు పక్క నుంచి మూతి దాకా మడత లోతుగా ఉందంటే వయసుతో బుగ్గలో కొవ్వు తగ్గి, కింది ఎముక కూడా కొంత అరిగి, పైన చర్మం కిందికి దిగిందని. దవడ అంచునా మెడ కిందా చర్మమే వదులైపోతే అది మూడో రకం. ఎండకి చర్మం గరుకై సన్నటి గీతలు, మచ్చలు రావడం ఇంకోటి. వీటిలో ఒక్కోదానికి ఒక్కో వైద్యం ఉంది. చూడకుండానే ఫోన్లో ప్యాకేజీ రేటు చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని అందుకే అంటున్నాను.

కదిలితే వచ్చే గీతలకి బొటాక్స్ అనే ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. కండరాన్ని కొంతకాలం వదులు చేస్తుంది, మూడు నాలుగు రోజుల్లో తేడా మొదలై రెండు వారాలకి పూర్తిగా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలు ఉంటుంది. జారిన చర్మాన్ని మాత్రం అది పైకి లాగదు. ఒక్కోసారి మందు పక్కకి పాకి కనురెప్ప వాలిపోతుంది, కొన్ని వారాల్లో తగ్గిపోయేదే గానీ ఆ వారాల్లోనే మీ అమ్మాయి పెళ్లి ఉంటే ఏం చేస్తారు? అందుకే మొదటిసారి వేయించుకునేవాళ్లు కనీసం రెండు నెలల ముందు వేయించుకోండి, సరిపడిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా లాంటి కండరాల బలహీనత జబ్బున్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. మందు సీసాని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, మన ఊళ్లలో కరెంటు కోతల సంగతి మీకు తెలిసిందే కాబట్టి జనరేటర్ ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. సీసా మీ ఎదురుగానే తెరవమనండి. బ్రాండు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ మీ ఫైల్లో రాయించుకోండి. 2024లో అమెరికాలోనే నకిలీ బొటాక్స్ వల్ల పలు రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు, కొందరు ఆసుపత్రిపాలయ్యారు. అక్కడే అలా జరిగినప్పుడు ఇక్కడ సగం రేటుకి ఇస్తున్నారంటే ఎందుకో ఆలోచించాలి కదా. ఇంకోటి, ఈ మందుని యూనిట్లలో కొలుస్తారు, ఒక బ్రాండు యూనిట్లూ ఇంకో బ్రాండు యూనిట్లూ సమానం కావు, కాబట్టి ఫలానా చోట యూనిట్ చౌక అనే లెక్క పెట్టుకోకండి.

ఫిల్లర్ల దగ్గర నాకు ఎక్కువ భయం, దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. లోతు మడతల్లో, బుగ్గల్లో నింపే జెల్ ఇది, ఎక్కువగా హైలురానిక్ యాసిడ్‌తో చేస్తారు, రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది. మంచి చేతుల్లో మంచి ఫలితమే ఇస్తుంది. కానీ పొరపాటున ఆ జెల్ రక్తనాళంలోకి వెళ్లినా, నాళాన్ని నొక్కేసినా అక్కడి చర్మానికి రక్తం అందక కుళ్లిపోతుంది. కనుబొమల మధ్య, ముక్కు దగ్గర నాళాలకి కంటి నాళాలతో సంబంధం ఉంటుంది కాబట్టి చూపు పోయిన కేసులు కూడా ప్రపంచంలో ఉన్నాయి. అరుదే, కానీ జరిగితే గంటల్లో, కంటి విషయంలో అయితే నిమిషాల్లో వైద్యం అందాలి. హైలురానిక్ ఫిల్లర్‌ని కరిగించే హైలురానిడేజ్ అనే ఇంజెక్షన్ ఉంది, అది ఆ క్లినిక్‌లోనే, ఆ పూటే ఉండాలి. కాబట్టి మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "రేటెంత" కాదండీ, "హైలురానిడేజ్ ఉందా, చూపిస్తారా" అని అడగండి. ఉన్న డాక్టరు కోప్పడరు.

మన వైపు ఇంకో ఇబ్బంది ఉంది. చిన్న టౌన్లకి హైదరాబాద్ నుంచి డాక్టర్లు వారానికో నెలకో ఒకసారి వచ్చి వరసగా పేషెంట్లని చూసి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లిపోతే, అర్ధరాత్రి బుగ్గ మీద చర్మం తెల్లబడి, తర్వాత నీలం చారలు తేలి, తట్టుకోలేనంత నొప్పి వస్తే మీరు ఎవరికి ఫోన్ చేయాలి? ఆ రాత్రి ఫోన్ ఎత్తేది ఎవరు, ఎక్కడికి రమ్మంటారు అన్నది ముందే తేల్చుకోండి, పేరూ నంబరూ కాగితం మీద రాయించుకోండి. టౌన్‌కి దూరంగా సఖినేటిపల్లి, మలికిపురం లాంటి చోట్ల ఉండేవాళ్లయితే ఆ రాత్రి టౌన్లోనే బంధువుల ఇంట్లో ఉండటం మేలు. చూపు మసకబారినా, ఒక కన్ను తెరవలేకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఐస్ పెట్టుకుని పడుకోవద్దు. హైలురానిక్ కాని ఫిల్లర్లు కూడా ఉన్నాయి, వాటిని ఆ ఇంజెక్షన్ కరిగించదు, మొదటిసారి వాళ్లకి అవి వద్దనే నా అభిప్రాయం. ఎప్పటికీ పోని ద్రవ సిలికాన్ ఎక్కిస్తామంటే మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చేయండి.

జారిన చర్మానికి ప్రకటనల్లో కనిపించేంత తేలిక దారి లేదు. హైఫు అని అల్ట్రాసౌండ్ వేడితో లోపలి పొరల్ని బిగిసేలా చేసేది ఉంది, దాని ఫలితం కనపడటానికే రెండు మూడు నెలలు పడుతుంది, అదీ కొద్దిగా జారినవాళ్లకి. బుగ్గలు ముందే సన్నగా ఉన్నవాళ్లకి కొవ్వు ఇంకా కరిగి ముఖం పీక్కుపోయే ప్రమాదముంది. సూదులతో రేడియో తరంగాలు పంపే మెషిన్లకీ ఇదే మాట, కాలిన గాయాలు, మచ్చలు కూడా పడొచ్చు. దారాలతో లాగి పైకి కట్టే థ్రెడ్ లిఫ్ట్‌లో గుంటలు పడటం, ఇన్ఫెక్షన్ రావడం ఉంటాయి, దారం కొన్ని నెలల్లో కరిగిపోతుంది, ఫలితం ఏడాది అటూ ఇటూ. మెడ దగ్గర చర్మం బాగా వేలాడుతుంటే నిజంగా పనిచేసేది సర్జరీయే, అది ప్లాస్టిక్ సర్జన్ చేయాల్సిన పని. ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ప్లాస్టిక్ సర్జరీలో చేసినవాళ్లు కావాలి, పెళ్లికి కనీసం నాలుగైదు నెలల ముందు జరగాలి. సిగరెట్, చుట్ట తాగేవాళ్లు నెల ముందే మానకపోతే కుట్ల దగ్గర చర్మం మానక నల్లబడి చచ్చిపోవచ్చు. పెళ్లిలోపు పది కిలోలు తగ్గాలని తిండి మానేసేవాళ్లూ, బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడేవాళ్లూ ముందు బరువు ఒకచోట నిలబడనివ్వండి. గబగబా తగ్గితే ముఖం మరింత జారుతుంది, అప్పుడు చేసిన లెక్కలన్నీ మారిపోతాయి.

మన చామనఛాయ చర్మం గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. లేజర్ గానీ, రసాయనం పూసి చర్మం పై పొరని ఊడదీసే కెమికల్ పీల్ గానీ కాస్త ఎక్కువైతే చర్మం ఎర్రబడి ఊరుకోదు, నల్లగా మారుతుంది, ఆ నలుపు నెలల తరబడి ఉంటుంది. వైశాఖంలో పెళ్లి పెట్టుకుని మార్చి, ఏప్రిల్ ఎండల్లో శుభలేఖలు పంచుతూ తిరగాల్సినవాళ్లు గట్టి పీల్, కార్బన్ డయాక్సైడ్ లేజర్ లాంటివి పెట్టుకోకండి. చెవి వెనకో దవడ పక్కనో చిన్న చోట టెస్ట్ చేసి, కొన్ని వారాలు చూశాక ముఖమంతా చేసేవాళ్లని నమ్మొచ్చు. మూతి మీద జ్వరపు పొక్కులు తరచూ వచ్చేవాళ్లు ముందే చెప్పాలి, లేకపోతే లేజర్ తర్వాత ముఖమంతా పాకే ప్రమాదముంది.

ఎవరి చేత చేయించుకోవాలంటే, ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ లాంటి చర్మవైద్యంలో చదువున్నవాళ్ల చేత. కాస్మెటాలజిస్ట్ అన్న బోర్డు చదువుని చెప్పదు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఏపీ మెడికల్ కౌన్సిల్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు, క్లినిక్‌కి జిల్లా వైద్యాధికారి ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ గోడ మీద ఉండాలి. డాక్టరు మాట్లాడి వెళ్లిపోయాక సూది పట్టుకునేది ఎవరో కూడా అడగండి. పార్లర్‌లో సూది గుచ్చే ఏ పనీ వద్దు. మన రక్తమే తీసి ముఖానికి గుచ్చే వాంపైర్ ఫేషియల్ వల్ల అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పా కస్టమర్లకి హెచ్ఐవీ సోకిందని 2024లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ బయటపెట్టింది. సందేహం ఉంటే కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) చర్మ విభాగంలో ఓపీ చూపించుకుని సలహా తీసుకోండి, ఆఫర్ గడువు అయిపోతుందని తొందరపెట్టేవాళ్లు అక్కడ ఉండరు.

షుగర్, బీపీ, వాడే మాత్రలు అన్నీ చెప్పండి. గుండెకి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలు వాడేవాళ్లు సూది వేసినచోట కమిలిపోతుందని సొంతంగా ఆపేయొద్దు, గుండె డాక్టరు ఒప్పుకుంటేనే. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే బెట్నోవేట్ లాంటి స్టెరాయిడ్ క్రీములు తెల్లగా అవుతామని రాసేవాళ్లు మానేయండి, అవి చర్మాన్ని పలచన చేస్తాయి, ఆ పలచటి చర్మం మీద ఏ ట్రీట్‌మెంట్ చేసినా దెబ్బే. ఆరు నెలలు టైమున్నవాళ్లకి ఉదయం ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్, రాత్రి డాక్టరు రాసిన ట్రెటినాయిన్ క్రీము, ఈ రెండూ చాలామందికి సరిపోతాయి, ట్రెటినాయిన్ గర్భిణులకి పనికిరాదు.

ఇక మన ఆచారాలతో వచ్చే చిక్కులు. సూది వేసిన రోజు ముఖం రుద్దకూడదు, ఫిల్లర్, థ్రెడ్ తర్వాత కనీసం రెండు వారాలు ఫేషియల్ మసాజ్ వద్దు, మరి మంగళస్నానాల రోజు నలుగు పిండితో గట్టిగా రుద్దే మేనత్తలకి మీరు ముందే చెప్పుకోవాలి. పీల్ అయిన చర్మం మీద పసుపు, సున్నిపిండి, బ్లీచ్ ఏదీ పడకూడదు, నుదుటి మీద స్టిక్కర్ జిగురు కూడా కొన్నాళ్లు వద్దు. సూది రంధ్రాలు మానేదాకా గోదావరిలో గానీ కాలవలో గానీ కార్తీక స్నానానికి తల ముంచకండి, గట్టునే నీళ్లు చల్లుకోండి. మాఘంలో పెళ్లయితే హైఫు లాంటివి కార్తీకంలోపే, ఫిల్లర్, బొటాక్స్ మార్గశిరం మొదట్లోనే, చివరి తేలికపాటి పీల్ పెళ్లికి నెల ముందు అయిపోవాలి. ఆఖరి రెండు వారాల్లో ఎవరు ఎంత మంచి ఆఫర్ ఇచ్చినా, ఏ వదిన ఎంత బాగుందని చెప్పినా, ముఖం మీద కొత్తది ఏదీ చేయించుకోకండి.