ఒకసారి మ్యూట్‌లో, ఒకసారి కళ్లు మూసుకుని

మీకు నచ్చిన క్రైమ్ థ్రిల్లర్ ఏదైనా తీసుకోండి, మొదటి పది నిమిషాలు చాలు. ఇంకా హత్య జరగలేదు, పోలీసు జీపు రాలేదు, అయినా ఇక్కడేదో తేడాగా ఉందని మనకి అప్పటికే అనిపిస్తుంది. ఎందుకనిపించిందో తెలియాలంటే ఆ పది నిమిషాలే మూడుసార్లు చూడాలి.

మొదటిసారి మ్యూట్‌లో పెట్టి, లైటు ఎటునుంచి వస్తోందో ఒక్కటే చూడండి. కామెడీల్లో మామూలుగా మొహమంతా వెలుగు సమానంగా పడుతుంది. థ్రిల్లర్‌లో ఒక పక్కనుంచే గట్టి లైటు, రెండో పక్క నీడని అలాగే వదిలేస్తారు, దీన్నే లో-కీ అంటారు. 1920ల జర్మన్ మూకీల్లో కనబడే ఈ నీడల పిచ్చి 1940ల హాలీవుడ్ నువార్ సినిమాల్లోకి, అంటే చీకటి నిండిన క్రైమ్ కథల్లోకి పాకింది, కిటికీ బ్లైండ్స్ చారలు మొహం మీద పడటం అక్కడ బాగా అలవాటైన షాట్. అలాగని షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లు లైట్లన్నీ ఆర్పేయకండి, ఏమీ కనబడకపోతే భయం కాదు, విసుగొస్తుంది. ఫ్రేములో ఒక టేబుల్ లాంపో, సగం తెరిచిన ఫ్రిజ్ వెలుగో ఉంచండి.

రెండోసారి కూడా మ్యూట్‌లోనే, కానీ ఈసారి కెమెరా ఎవరి పక్షమో చూడండి. హీరో వెనక ఉన్న కత్తిని మనకి చూపించి అతనికి చూపించకపోతే అది సస్పెన్స్. డిటెక్టివ్‌కి తెలిసినంతే మనకీ తెలిస్తే 'హంతకుడెవరు' రకం. కెమెరా గ్రిల్ వెనక నుంచో, ఎదురింటి మేడ మీద నుంచో కదలకుండా చూస్తోందా, ఎవరో కాపు కాస్తున్నట్టే. కెమెరా పాత్రతోపాటు పరిగెడితే ప్రమాదం దగ్గరికొచ్చేసినట్టు, 1989లో 'శివ' ఛేజ్ కోసం స్టెడీక్యామ్ (ఒంటికి తగిలించుకుని పరిగెత్తినా కుదుపు తెలియనివ్వని కెమెరా పరికరం) వాడింది అందుకే అనుకుంటా.

ఇక మూడోసారి కళ్లు మూసుకోండి. ఇది నాకు ఇష్టమైన భాగం. 1931లో జర్మనీలో దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 'ఎమ్'లో నేపథ్య సంగీతం అసలు లేదు, హంతకుడు నార్వే స్వరకర్త గ్రీగ్ స్వరపరిచిన ఒక ట్యూన్‌ని ఈల వేస్తుంటాడు, అంతే. ఎల్సీ అనే పాపని చంపడం మనం చూడం, బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగుతుంది, బెలూన్ పైనున్న తీగలకి చిక్కుకుంటుంది. చివరికి వాణ్ణి గుర్తుపట్టేది చూపులేని బెలూన్లమ్మేవాడు, ఈ ఈల విని! మొహం కనబడకపోయినా ఈల వినబడితే చాలు, వాడొచ్చాడని మనకీ తెలిసిపోతుంది.

దీనికి పూర్తిగా వేరే దారి 1960 నాటి 'సైకో'. షవర్ కింద జరిగే హత్య సీనుకి మ్యూజిక్ వద్దనుకున్న దర్శకుడు హిచ్‌కాక్, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాయిద్యాలతో చేసింది విన్నాక మనసు మార్చుకున్నాడు. ఆ సీను మ్యూట్‌లో చూసి మళ్లీ సౌండ్‌తో చూడండి, కత్తి పోట్లకంటే ఎక్కువ కోసేది వయొలిన్లే.

మీరే తీస్తుంటే ఎడిటింగ్‌లో ముందు మ్యూజిక్ లేకుండా అడుగుల చప్పుడు, ఫ్యాన్ శబ్దం, గేటు కిర్రుమనడం మాత్రం పెట్టి ఎవరికైనా చూపించండి. వాళ్లు మధ్యలో ఫోన్ తీశారంటే ఆ నిమిషం దగ్గర గుర్తు పెట్టుకుని మళ్లీ కట్ చేయండి, మ్యూజిక్ తర్వాత చూసుకోవచ్చు.