వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్ వేడెక్కుతుంటే

విజయవాడ ఎండాకాలంలో గది వేడే 40 డిగ్రీలకు చేరువవుతుంది కనుక, ల్యాప్‌టాప్‌లో గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ చిప్ (తెరపై దృశ్యాలను గీసే చిప్) 80 డిగ్రీలు దాటినంత మాత్రాన దానిని మార్పించాలని తొందరపడనవసరం లేదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఏసీ గదిలో ఒకసారి, మామూలు గదిలో ఒకసారి ఉష్ణోగ్రతను నమోదు చేసుకోండి. చల్లని గదిలోనూ 90 దాటి వేగం పడిపోతుంటే, అది ఎండ తప్పు కాదు.

నేటి ల్యాప్‌టాప్‌లలో అత్యధిక భాగానికి ఈ చిప్ మదర్‌బోర్డుకే (ప్రధాన సర్క్యూట్ బోర్డుకే) సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి, దానిని మార్చడమన్నా, మరింత శక్తివంతమైన దానికి అప్‌గ్రేడ్ అన్నా ఆచరణలో బోర్డు మొత్తం మార్చడమే. వారంటీ కింద సాధారణంగా వచ్చేది అదే మోడల్ బోర్డు. 2008లో గ్రాఫిక్స్ చిప్‌ల తయారీ సంస్థ ఎన్విడియా తన కొన్ని ల్యాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజింగ్ పదార్థం (చిప్‌ను పొదిగే పదార్థం) బలహీనంగా ఉందని ఒప్పుకొంది. అటువంటి లోపమున్న చిప్‌నే మళ్లీ వేయించుకుంటే ఊరట తాత్కాలికమే. మరింత శక్తివంతమైన గ్రాఫిక్స్ చిప్ కోసం అదనంగా చెల్లించడం కూడా నా దృష్టిలో తెలివైన పని కాదు, ఎందుకంటే పాత హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు భాగం) ఆ అదనపు వేడిని మోయలేకపోవచ్చు.

ఫ్యాన్, హీట్‌సింక్, థర్మల్ పేస్టు (చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని చేరవేసే పూత) మార్చారో లేదో సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్‌షీట్‌లో రాయించుకోండి. దుమ్ము దులపడానికైనా సరే, వారంటీ గడువు ముగిసేలోపు బయటి దుకాణంలో మూత విప్పించకండి. వారంటీ తిరస్కరించడానికి అదొక సాకు అవుతుంది.