వాడిన సెట్‌టాప్ బాక్సును తక్కువ ధరకు కొనడం ఎలా?

వాడిన సెట్‌టాప్ బాక్సు కొనడానికి వెళ్లేవారు సాధారణంగా ముందు ధర అడుగుతారు. ముందు అడగవలసింది వేరే ఉంది. ఈ బాక్సు ఏ సంస్థ ప్రసారాల కోసం తయారయింది? ఆ సంస్థ దీన్ని మీ పేరున నడపడానికి ఇప్పటికీ ఒప్పుకుంటుందా? ఈ రెండింటికీ సరైన జవాబు దొరకకపోతే, యంత్రం ఎంత బాగా పనిచేసినా మీ ఇంట్లో బొమ్మ రాదు.

దీనికి కారణం ప్రసారాలను పంపే పద్ధతిలోనే ఉంది. డబ్బు కట్టి చూసే ఛానళ్లను కేబుల్, డీటీహెచ్ సంస్థలు తాళం వేసినట్లు సంకేత రూపంలో పంపుతాయి. ఆ తాళం తీసే హక్కు ఏ బాక్సుకు ఉందో సంస్థ తన లెక్కల్లో బాక్సు నంబరు ద్వారానో, లోపల పెట్టే వ్యూయింగ్ కార్డు నంబరు ద్వారానో నమోదు చేసుకుంటుంది. అందుకే టాటా ప్లే బాక్సులో సన్ డైరెక్ట్ రాదు, ఒక కేబుల్ నెట్‌వర్క్ ఇచ్చిన బాక్సు పక్క వీధిలో మరో నెట్‌వర్క్ తీగకు తగిలిస్తే పనిచేయదు. ఒకే బాక్సు అన్ని సంస్థలకూ పనికి వచ్చేలా ఉండాలని టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది గానీ, దుకాణాల్లో దొరికే పాత బాక్సులు దాదాపు అన్నీ ఏదో ఒక సంస్థకు కట్టుబడినవే.

ఇలాంటి బాక్సులు ఇంత విరివిగా దొరకడం వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. కేబుల్ డిజిటలీకరణ రెండో దశలో, 2013 మార్చి 31 గడువుతో, హైదరాబాద్, విశాఖపట్నం నగరాల్లో బాక్సు తప్పనిసరి అయింది. చిన్న పట్టణాలు, గ్రామాలు చివరి దశలో 2017 మార్చి 31 నాటికి ఆ మార్పులోకి వచ్చాయి. అప్పుడు ఇంటింటికీ చేరిన బాక్సుల్లో చాలావాటిని జనం ఇల్లు మారినప్పుడో, ఇంటర్నెట్ టీవీకి మళ్లినప్పుడో పక్కన పెట్టేశారు. వాటిలో కొన్ని శుభ్రమై, బాగుపడి, మళ్లీ అమ్మకానికి వస్తున్నాయి.

ముందు రకాన్ని తేల్చుకోండి

మీ ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఉంటే బయట బాక్సు కొనవద్దు. మీ ఆపరేటర్‌నే అడగండి. బాగుచేసిన బాక్సులు చాలామంది ఆపరేటర్ల దగ్గర ఉంటాయి. ఆయన ఇచ్చేది ఆ నెట్‌వర్క్‌కు సరిపోతుంది, పాడైతే ఆయనే మార్చి ఇస్తాడు. బయట కొన్న బాక్సును నెట్‌వర్క్‌లో చేర్చడానికి ఆయన ఒప్పుకోకపోతే మీరు చేయగలిగింది పెద్దగా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది.

డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సు కొనాలనుకుంటే కొంచెం ఓపిక అవసరం. అమ్మేవారి ఖాతా నంబరు, వారు నమోదు చేసుకున్న ఫోను నంబరు ఇప్పటికీ వారి చేతిలో ఉన్నాయో లేదో అడగండి. ఆ ఫోను నుంచే సంస్థ వినియోగదారుల సేవా కేంద్రానికి వారి చేత మాట్లాడించి, బాక్సు వారి సొంతమా, సంస్థ అద్దెకు ఇచ్చినదా, ఏమైనా బాకీ ఉందా, పేరు మార్చడానికి వీలుందా అన్న నాలుగు విషయాలు తెలుసుకోండి. అద్దెకు ఇచ్చిన బాక్సును అమ్మే హక్కు వాడినవారికి లేదు. అది సంస్థ ఆస్తి. పేరు మార్పుకు మీ గుర్తింపు పత్రం అడుగుతారు. మార్పు పూర్తయినట్లు మీ ఫోనుకు సందేశం వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. అమ్మినవారు ఆ తర్వాత ఫోను ఎత్తకపోతే ఖాతా వారి పేరునే మిగిలిపోతుంది, రీఛార్జి మాత్రం మీరు చేస్తూ పోతారు.

నెలవారీ రుసుము లేని డీడీ ఫ్రీ డిష్ కోసమైతే పాత బాక్సు కొనడం నిజంగా లాభసాటి. ప్రసార భారతి నడిపే ఈ సేవ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఇందులో ఖాతా, పేరు మార్పు, బాకీ వంటి చిక్కులు ఉండవు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి సహా దూరదర్శన్ ఛానళ్లు వస్తాయి, కొన్ని ప్రైవేటు ఛానళ్లు కూడా ఉంటాయి. డబ్బు కట్టి చూసే వినోద ఛానళ్లు మాత్రం ఇందులో రావు. కాబట్టి మీ ఇంట్లో రోజూ చూసేవి ఉన్నాయో లేదో ప్రసార భారతి జాబితాలో ముందే చూసుకోండి. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బొమ్మను కుదించి పంపే పద్ధతులు రెండున్నాయి. ఈ సేవలో కొన్ని ఛానళ్లు పాతదైన ఎంపెగ్-2 పద్ధతిలో, మరికొన్ని కొత్తదైన ఎంపెగ్-4 పద్ధతిలో వస్తాయి. ఎంపెగ్-4 బాక్సు రెండింటినీ చూపిస్తుంది, ఎంపెగ్-2 బాక్సుకు రెండో రకం కనబడదు. ధరలో కొద్ది తేడానే ఉంటే ఎంపెగ్-4 బాక్సునే తీసుకోండి.

అన్ని పే ఛానళ్లూ జీవితాంతం ఉచితమంటూ ఇంటర్నెట్‌కు కలిపే బాక్సులను కొందరు అమ్ముతుంటారు. అది ప్రసారాల చోరీ, చట్టవిరుద్ధం. అది ఎప్పుడు ఆగిపోయినా అడిగే దిక్కు ఉండదు. వాటి జోలికి పోవద్దు.

దుకాణంలో చూడవలసినవి

హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలోనూ, ఊళ్లలో టీవీ మెకానిక్కుల దగ్గరా ఇవి దొరుకుతాయి. నా దృష్టిలో మీ ఊరి మెకానిక్కే మేలు. పది రూపాయలు ఎక్కువైనా, పాడైతే పట్టుకెళ్లి చూపించడానికి మనిషి ఉంటాడు. ఎక్కడ కొన్నా, బాక్సులో ఏ భాగం మార్చారని అడగండి. నిజంగా బాగుచేసినవారు పవర్ సప్లైలో కెపాసిటర్లు మార్చామనో, తీగ బిగించే సాకెట్ మార్చామనో సూటిగా చెబుతారు. జవాబు తడబడితే పైన దుమ్ము తుడిచి పెట్టారని అర్థం చేసుకోవచ్చు.

తర్వాత బాక్సును తిరగేసి వెనక వైపు చూడండి. డిష్ తీగ బిగించే చోట తుప్పు, ఆకుపచ్చ మరక ఉంటే వాననీరు దిగిందని గుర్తు. గాలి ఆడే రంధ్రాల దగ్గర వాసన చూడండి. కాలిన వాసన వస్తే పిడుగుపాటుకో, వోల్టేజి పెరగడం వల్లో దెబ్బతిన్న బాక్సు అయి ఉండవచ్చు. అదే రంధ్రాల్లోంచి టార్చి వేసి చూస్తే బొద్దింకల గుడ్లు, చీమల మట్టి కూడా కనబడతాయి. బాక్సు వెచ్చగా ఉంటుంది కాబట్టి పురుగులకు అది మంచి ఇల్లు. అడుగున ఉన్న చీటీ మీద భారతీయ ప్రమాణాల గుర్తు, ఐఎస్ 13252 అన్న సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు నంబరు ఉండాలి. ఆ నంబరును భారతీయ ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు కనబడతాయి. చీటీ చింపేసిన బాక్సును కొనవద్దు.

అడాప్టర్ సంగతి చాలామంది పట్టించుకోరు. బాక్సు మీద రాసిన వోల్టేజి, అడాప్టర్ మీద రాసిన వోల్టేజి ఒకటే ఉండాలి. ఆంపియర్ల సంఖ్య బాక్సు అడిగిన దానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. 12 వోల్టుల బాక్సుకు పిన్ను పట్టిందని వేరే వోల్టేజి అడాప్టర్ పెడితే బాక్సు చెడిపోవచ్చు, లేదా మాటిమాటికీ ఆగి మొదలవుతుంది.

మీ టీవీ పాత పిక్చర్ ట్యూబుదైతే బాక్సుకు పసుపు, ఎరుపు, తెలుపు తీగల ఏవీ సాకెట్లు ఉండాలి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న బాక్సును ఆ టీవీకి నేరుగా కలపలేరు. పెద్ద ఎల్‌ఈడీ టీవీ ఉన్నవారు హెచ్‌డీ బాక్సు తీసుకుంటేనే బొమ్మ స్పష్టంగా ఉంటుంది.

నడిపించి చూడకుండా డబ్బు ఇవ్వవద్దు

దుకాణంలో డిష్, టీవీ ఉన్నచోటే కొనండి. బాక్సును కనీసం అరగంట ఆడనివ్వండి. పాత బాక్సుల లోపాలు చాలావరకు వేడెక్కాకే బయటపడతాయి. బొమ్మ గడులు గడులుగా విడిపోవడం, మాట ఆగిపోవడం, తనంతట తానే ఆగి మొదలవడం వాటి లక్షణాలు. మొదటి రెండు నిమిషాల్లో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఛానళ్లను వరుసగా తిప్పండి. ఒక గుంపు ఛానళ్లు బాగా వచ్చి మరో గుంపు మొత్తంగా రాకపోతే శ్రద్ధగా గమనించాలి. డిష్ ముందు సంకేతాన్ని అందుకునే చిన్న పరికరాన్ని ఎల్‌ఎన్‌బీ అంటారు. బాక్సు దానికి 13 వోల్టులు గానీ 18 వోల్టులు గానీ పంపి, ఏ ధ్రువణంలో, అంటే తరంగం నిలువుగానా అడ్డంగానా ఏ తీరున ఊగుతూ వచ్చే సంకేతాన్ని అందుకోవాలో చెబుతుంది. ఈ రెంటిలో ఒకటి పంపలేని బాక్సుకు సగం ఛానళ్లే అందుతాయి. అదే డిష్‌కు మరో బాక్సు పెట్టించి, అన్నీ వస్తున్నాయో లేదో చూస్తే లోపం ఎక్కడుందో తేలిపోతుంది.

సాకెట్లన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించండి. రిమోట్‌ను ఫోను కెమెరా ముందు పెట్టి మీట నొక్కితే చాలా ఫోన్లలో దాని కొసన చిన్న వెలుగు కనిపిస్తుంది. అది రిమోట్ పనిచేస్తున్నదనడానికి గుర్తు. పాత యజమాని పిన్ నంబరు పెట్టి ఉంటే దాన్ని తీయించి, ఫ్యాక్టరీ సెట్టింగులకు మార్పించుకోండి.

ధర విషయంలో నేను పాటించే నియమం ఒకటే. అదే రకం కొత్త బాక్సు ధర ముందుగా తెలుసుకుని, పాతదానికి సగం కంటే ఎక్కువ అడిగితే కొత్తదే కొంటాను, ఎందుకంటే కొత్తదానికి వారంటీ ఉంటుంది. బేరం కుదిరాక బిల్లు మీద బాక్సు సీరియల్ నంబరు, ఎన్నాళ్లలోగా మార్చి ఇస్తారో రాయించుకోండి.

ఇంట్లో అమర్చుకోవడం

తీగలన్నీ బిగించాకే ప్లగ్ పెట్టండి. బాక్సు ఆడుతుండగా డిష్ తీగను విప్పడం, బిగించడం చేయవద్దు. తీగ మధ్యలోని రాగి తీగ చుట్టూ ఉన్న జాలికి తగిలితే షార్టు అవుతుంది. ఫ్రీ డిష్‌కైతే డిష్ ముఖం జీశాట్-15 ఉపగ్రహం వైపు ఉండాలి. అది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో డిష్‌ను ఆగ్నేయం వైపు తిప్పాలి. ఆ దిక్కున చెట్టు గానీ గోడ గానీ అడ్డు ఉండకూడదు. బాక్సు మెనూలో సంకేత బలం, నాణ్యత అని రెండు గీతలు కనబడతాయి. వీటిలో నాణ్యత గీత పెరిగేలా డిష్‌ను వేలెడంత చొప్పున కదిలించి, అది గరిష్ఠంగా ఉన్నచోట నట్లు బిగించి, ఆ తర్వాత ఆటో స్కాన్ పెట్టండి.

మొదటి వారం రోజూ కాసేపు ఆడించి చూడండి. బాక్సును టీవీ వెనక ఇరుకులో, గుడ్డ కప్పి ఉంచవద్దు. ఉరుములు వినిపిస్తే ప్లగ్‌తోపాటు డిష్ తీగను కూడా విప్పి పెట్టండి. ప్లగ్ ఒక్కటే తీస్తే డిష్ తీగ గుండా వచ్చే దెబ్బ ఆగదు. లోపం కనబడితే గడువు తీరకముందే బిల్లుతో వెళ్లండి. దుకాణదారు రాసి ఇచ్చిన మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, బిల్లు మీది వివరాలతో ఫిర్యాదు నమోదు చేయించండి.